గల్ఫ్ హోటలు కొలువు: వీసా బాధ్యత యజమానిది

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామ పంచాయతీ అనగానే మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్ను మన మనస్సునకు వచ్చును. పరదేశములోని హోటలు యజమాని వీసా నియమములను పాటించుచున్నాడా లేదా అను విషయముతో పంచాయతీ సభ్యునకు పనియేమి అని ఎవరైన అడుగవచ్చును. అడుగుట సహజమే. కాని జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, నిర్మల్ ప్రాంతములలో గాని, కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతములలో గాని, గోదావరి జిల్లాలలో గాని గల్ఫు దేశములకు మనుష్యులను పంపని ఊరు అరుదు. పోయినవాని ఇంటి అప్పు, పొలముపై తాకట్టు, చెల్లెలి పెండ్లి, పిల్లల చదువు, ఇవన్నియు దుబాయిలోనో, దోహాలోనో, కువైటులోనో ఉన్న ఒక యజమాని సంతకముపై ఆధారపడి యున్నవి. ఆ యజమాని నియమము తప్పినచో ఆ తగవు చివరకు మన ఊరి రచ్చబండ వద్దకే వచ్చును. వచ్చిన పిదప తీర్చుట కష్టము. ప్రయాణమునకు ముందే కాగితము చూచి ఆపుట సులభము. అందువలననే ఈ విషయమును మీ ముందు ఉంచుచున్నాము.

నేడు మేము ముఖ్యముగా హోటలు కొలువును గురించి చెప్పదలచినాము. పూర్వము మనవారిలో ఎక్కువమంది కట్టడపు పనులకు, ఇంటి పనులకు, తోటపనులకు పోయెడివారు. ఇప్పుడు పదవ తరగతి, ఇంటరు చదివిన యువకులు, హోటలు మేనేజిమెంటులో డిప్లొమా పొందినవారు కూడ హోటళ్ళకు, రెస్టారెంట్లకు, క్యాటరింగు కంపెనీలకు పోవుచున్నారు. గదులు శుభ్రపరచుట, వడ్డన, వంటశాలలో సహాయము, పాత్రలు కడుగుట, లాండ్రీ, సామాను మోయుట, ఇవి వారి పనులు. చల్లని గదులలో పని, శుభ్రమైన దుస్తులు, భోజనము హోటలులోనే అని విని తల్లిదండ్రులు సంతోషింతురు. ఆ సంతోషములో కాగితములను చదువుట మరతురు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. మన దేశములో 1983 సంవత్సరపు ఎమిగ్రేషను చట్టము ప్రకారము, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలైన 18 దేశములకు ఉద్యోగమునకై పోవునపుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి పొందవలెను. ఆ అనుమతికై ఉద్యోగ ఒప్పందము, యజమాని వివరములు, భీమా, అన్నియు పరిశీలింపబడును. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ఈ అనుమతి అవసరము లేదు. అది వారికి సౌకర్యమే. కాని వారి ఒప్పందమును మన దేశములో చూచు అధికారి ఉండడని కూడ దాని అర్థము. హోటలు కొలువులకు పోవువారిలో చదువుకొన్నవారు హెచ్చు. కనుక చదువురాని వానికి ఉన్న రక్షణ చదివినవానికి లేకుండ పోవుచున్నది. ఆ లోటును కొంతవరకు తీర్చగలవారు ఇంటి పెద్దలు, మీ వంటి గ్రామ పెద్దలు మాత్రమే.

ఇక వీసా అనగా నేమి? అది బజారులో కొనెడి సరుకు కాదు. గల్ఫు దేశములలో ఉద్యోగ వీసా ఒక యజమాని పేరున, ఒక పనికై, ఒక నిర్ణీత కాలమునకు ఇయ్యబడును. ఆ యజమానినే మనవారు కఫీలు అందురు. పోయిన తరువాత ఆ యజమాని వైద్య పరీక్ష చేయించి, నివాసపు అనుమతిని, గుర్తింపు కార్డును ఇప్పించవలెను. దీనినే మనవారు అకామా, బతాకా అని పిలుచుచున్నారు. కాలము తీరగానే దానిని మరల పొడిగింపవలసినవాడును యజమానియే. ఎన్ని సంవత్సరములు పనిచేసినను అది తాత్కాలిక నివాసమే. ఉద్యోగము పోయినచో నివాస హక్కు కూడ కొద్దికాలములో పోవును. ఇట్టి ఏర్పాటులో యజమాని ఒక్క కాగితము సకాలములో దాఖలు చేయకపోయినను, చట్టము దృష్టిలో దోషిగా నిలబడువాడు కార్మికుడే. తప్పు ఒకరిది, శిక్ష మరియొకరిది. మేము నేడు చెప్పదలచిన సారాంశ మిదియే.

ఆ దేశముల చట్టములు ఈ బాధ్యతను ఎవరిపై పెట్టినవో చూడుడు.

మొదటిది, ఖర్చు. సౌదీ అరేబియా కార్మిక చట్టము 40వ అధికరణము ప్రకారము విదేశీ కార్మికుని రప్పించుటకగు రుసుము, నివాస అనుమతి, పని అనుమతి రుసుములు, వాటిని పొడిగించు ఖర్చు, ఆలస్యమైనచో పడు జరిమానా, పని ముగిసిన పిదప తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, ఇవన్నియు యజమానియే భరింపవలెను. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో, అనగా దుబాయి, అబూధాబీ, షార్జా మొదలగు చోట్ల, 2022 ఫిబ్రవరి నుండి అమలులోనున్న కార్మిక చట్టము, నియామకపు ఖర్చులను సూటిగా గాని చాటుగా గాని కార్మికునినుండి రాబట్టరాదని శాసించుచున్నది. ఖతారులో 2004 సంవత్సరపు కార్మిక చట్టము, నియామక సంస్థలు కార్మికునినుండి రుసుము తీసికొనరాదని చెప్పుచున్నది. ఇట్లుండగా మన ఊరిలో ఒకరు వచ్చి, వీసా ధర ఇంత, టిక్కెట్టు ధర ఇంత, మెడికలుకు ఇంత అని లెక్క చెప్పినచో, యజమాని భరింపవలసిన భారమును మన రైతు నెత్తిపై పెట్టుచున్నారని గ్రహింపవలెను.

రెండవది, ఒప్పందము. యు.ఎ.ఇ.లో 2016 జనవరి నుండి, వీసాకు ముందు ఇచ్చు ఆఫరు లెటరు ప్రభుత్వము నిర్ణయించిన నమూనాలో ఉండవలెను. కార్మికునికి తెలిసిన భాషలో దానిని చూపి సంతకము తీసికొనవలెను. అక్కడకు పోయిన తరువాత వ్రాయు ఒప్పందము దానికి భిన్నముగా ఉండరాదు. ఖతారునకు పోవువారికై 2019లో హైదరాబాదులోనే ఖతారు వీసా కేంద్రము తెరువబడినది. వ్రేలిముద్రలు, వైద్య పరీక్ష, ఒప్పందముపై సంతకము అక్కడనే జరుగును. సంతకము చేయుటకు ముందు జీతము, పని పేరు, యజమాని పేరు చదివి చూచుకొను హక్కు అభ్యర్థికి కలదు. ఏజెంటు నోటిమాటగా చెప్పినది ఒకటి, కాగితముపై నున్నది మరియొకటి యైనచో, విమానమెక్కుటకు ముందే వెనుదిరుగుటకు అది మంచి తరుణము.

మూడవది, పనిచేయు చోటు. హోటలు కొలువులలో ఎక్కువ తగవులు ఇక్కడనే పుట్టుచున్నవి. పెద్ద హోటళ్ళు తమ మనుష్యులను అందరిని తామే నియమించుకొనవు. శుభ్రపరచుట, పాత్రలు కడుగుట, విందులకు వడ్డన మొదలగు పనులకు కార్మికులను సరఫరా చేయు కంపెనీలనుండి మనుష్యులను తీసికొందురు. అనుమతి పొందిన కంపెనీ ద్వారా ఇది జరిగినచో దోషము లేదు. కాని అనుమతి లేకుండ ఒకరి వీసాపై నున్నవానిని మరియొకరి హోటలులో పనిచేయించుట నేరము. సౌదీ చట్టము 39వ అధికరణము దీనిని స్పష్టముగా నిషేధించుచున్నది. కువైటులో ఇంటి పనికై ఇచ్చు 20వ నంబరు వీసా వేరు, కంపెనీ పనికై ఇచ్చు 18వ నంబరు వీసా వేరు. మొదటిదానిని మనవారు ఖాదిం వీసా అందురు. ఖాదిం వీసాపై పోయి టీ దుకాణములోనో, హోటలు వంటశాలలోనో పనిచేయువాడు తనిఖీలో పట్టుబడినచో, అతనిని ఆ పనికి పెట్టుకొన్నవాడు జరిమానా కట్టి తన వ్యాపారము తాను చేసికొనును. మన యువకుడు మాత్రము నిర్బంధములో నుండి స్వదేశమునకు పంపబడును. ఆజాదు వీసా అని, ఫ్రీ వీసా అని మన వాడుకలో నున్న పేరుతో ఏ చట్టమునందును ఒక వీసా లేదు. ఒకరు స్పాన్సరు చేయుట, మరియొకరి వద్ద పనిచేయుట, ఏటేటా స్పాన్సరునకు డబ్బు కట్టుట, ఇదియే దాని స్వరూపము. మొదటి దినము నుండియే అది నియమ విరుద్ధము.

నాలుగవది, వేతనము. యు.ఎ.ఇ.లో 2009 నుండి, ఖతారులో 2015 నుండి వేతన రక్షణ పద్ధతి అమలులో నున్నది. జీతము బ్యాంకు ద్వారానే చెల్లింపవలెను. చెల్లించినదియు లేనిదియు ప్రభుత్వమునకు కంప్యూటరు ద్వారా తెలియును. సకాలములో చెల్లింపని సంస్థకు క్రొత్త పని అనుమతులను ఆపుదురు. ఖతారులో 2021 మార్చి నుండి నెలకు కనీస మూల వేతనము 1,000 రియాళ్ళు. యజమాని వసతి చూపనిచో మరి 500, భోజనము పెట్టనిచో మరి 300 రియాళ్ళు ఇయ్యవలెను. యు.ఎ.ఇ.లో విదేశీ కార్మికులకు కనీస వేతనమును చట్టము అంకెలలో నిర్ణయించలేదు. కనుక అక్కడ ఒప్పందములో వ్రాసిన అంకెయే ఆధారము.

ఈ అంకెను చదువుటలో ఒక మెలకువ కావలెను. మొత్తము జీతము వేరు, మూల వేతనము వేరు. ఉద్యోగము మానునపుడు ఇచ్చు గ్రాట్యుటీ మూల వేతనముపైననే లెక్కింతురు. యు.ఎ.ఇ.లో ఒక సంవత్సరము నిండినవానికి, మొదటి ఐదు సంవత్సరములకు ఏడాదికి 21 దినముల మూల వేతనము వచ్చును. ఉదాహరణకు ఇద్దరు యువకులకు నెలకు 1,500 దిర్హములే ముట్టుచున్నవనుకొందము. ఒకని మూల వేతనము 1,200. రెండవవానిది 800 మాత్రమే, మిగిలినది అలవెన్సులు. ఐదు సంవత్సరముల పిదప మొదటివానికి 4,200 దిర్హములు, రెండవవానికి 2,800 దిర్హములు గ్రాట్యుటీ లభించును. చేతికి వచ్చెడి జీతము ఒకటే యైనను కాగితముపై ఒక్క గడిలోని అంకె ఇంత భేదము కలిగించును. అతిథులు ఇచ్చు టిప్పులు జీతము కావు. టిప్పులతో కలిపి ఇంత వచ్చునని ఎవరైన చెప్పినచో, టిప్పులు తీసివేసి ఎంత అని అడుగవలెను.

ఐదవది, పనిగంటలు. హోటలు వంటశాలలో ఉదయము కొంతసేపు, మధ్యాహ్నము విరామము, మరల సాయంకాలము నుండి అర్ధరాత్రి వరకు పనిచేయు పద్ధతి సామాన్యము. యు.ఎ.ఇ. చట్టములో సాధారణముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు. అదనపు పని దినమునకు 2 గంటలు మించరాదు. మూడు వారములలో అంతయు కలిపి 144 గంటలు దాటరాదు. అదనపు గంటకు మూల వేతనముపై 25 శాతము హెచ్చుగా చెల్లింపవలెను. రాత్రి 10 గంటలు మొదలు తెల్లవారుజాము 4 గంటల వరకు చేయు అదనపు పనికి 50 శాతము హెచ్చు; షిఫ్టు పద్ధతిపై పనిచేయువారికి మాత్రము ఈ రాత్రి నియమము వర్తింపదు. వారమున కొక దినము విశ్రాంతి ఇయ్యవలెను. పనిచేసిన గంటలను కార్మికుడు తన చిన్న పుస్తకములో ప్రతి దినము వ్రాసికొనుట మంచిది. తగవు వచ్చినపుడు ఆ పుస్తకము అతని పక్షమున మాటాడును.

ఆరవది, పాస్‌పోర్టు. అది భారత ప్రభుత్వము తన పౌరునికి ఇచ్చిన పత్రము. యజమాని పెట్టెలో దాచుకొనుటకు కాదు. యు.ఎ.ఇ. కార్మిక చట్టము కార్మికుని పత్రములను పట్టి ఉంచరాదని చెప్పుచున్నది. ఖతారులో 2015 సంవత్సరపు 21వ నంబరు చట్టము ప్రకారము పాస్‌పోర్టును తిరిగి ఇయ్యని యజమానికి 25,000 రియాళ్ళ వరకు జరిమానా విధింపవచ్చును. పోగొట్టుకొందువేమో, మా వద్ద భద్రముగా ఉండును అని చెప్పు యజమాని మాటలో మంచితనము ఉండవచ్చును. కాని అవసరమైన నాడు అది చేతిలో లేనివాడు ఆస్పత్రికి గాని, ఇంటికి గాని, న్యాయస్థానమునకు గాని పోవుటకు ఎన్నో ఇక్కట్లు పడును.

ఈ నియమములు కాగితముపై మంచివే. ఆచరణలో అందరు యజమానులు చెడ్డవారని మేము చెప్పుట లేదు. పేరుగల హోటళ్ళలో జీతము తేదీ తప్పక వచ్చుచున్నది. గది, భోజనము బాగుగా నున్నవి. అక్కడ పనిచేసి ఇండ్లు కట్టుకొన్నవారు, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవారు మన గ్రామములలో కలరు. కష్టము ఎక్కువగా చిన్న హోటళ్ళలోను, సరఫరా కంపెనీలలోను, కంపెనీయే లేని వీసాలలోను కలుగుచున్నది.

అన్నింటికంటె ప్రమాదకరమైనది విజిట్ వీసా. దుబాయి చూచి వచ్చుటకు ఇచ్చు ఆ వీసాపై మనిషిని పంపి, అక్కడకు పోయిన తరువాత ఉద్యోగ వీసాగా మార్చెదమని చెప్పుట మన ప్రాంతములలో పరిపాటి యైనది. విజిట్ వీసాపై పనిచేయించుట నేరము. 2024లో యు.ఎ.ఇ. ప్రభుత్వము తన చట్టమును కఠినము చేసినది. అనుమతి లేకుండ మనిషిని పనిలో పెట్టుకొన్నను, రప్పించి పని చూపకున్నను యజమానికి ఒక లక్ష మొదలు పది లక్షల దిర్హముల వరకు జరిమానా కలదు. కాని మార్పు జరుగకమునుపే వీసా గడువు తీరినచో, దినమునకు 50 దిర్హముల చొప్పున అధిక నివాసపు జరిమానా మన యువకునిపై పడును. నూరు దినములైనచో అది 5,000 దిర్హములు. ఆ డబ్బు లేదు, తిరిగి పోవుటకు అనుమతి లేదు, పని లేదు. అట్టివారిని అక్కడి మనవారు కల్లివల్లి అందురు. 2018లోను, 2024 సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకును యు.ఎ.ఇ. ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించి ఇట్టివారికి జరిమానా లేకుండ పోవుటకు అవకాశము కల్పించినది. కువైటు కూడ 2018లోను, 2020లోను, 2024లోను అట్లే చేసినది. క్షమాభిక్ష దయతో ఇచ్చునది; దానిని నమ్ముకొని ఎవరును ప్రయాణము కట్టరాదు.

కాగితము విలువ 2020లో బాగుగా తెలిసినది. కోవిడ్ వ్యాధి వ్యాపించి హోటళ్ళు మూతపడినపుడు, వందే భారత్ మిషన్ విమానములలో మనవారు అనేకులు తిరిగి వచ్చిరి. జీతపు బకాయిలు, గ్రాట్యుటీ రావలసినవారు ఎందరో ఉండిరి. ఒప్పందపు ప్రతి, జీతపు చీటీలు, బ్యాంకు లెక్కలు ఉన్నవారికి అడుగుటకు ఆధారము కలదు. వట్టి చేతులతో వచ్చినవారికి తమ మాట తప్ప మరి సాక్ష్యము లేకపోయినది.

ఇక మన దేశపు చట్టము సంగతి. రిజిస్ట్రేషను లేని వ్యక్తి విదేశీ ఉద్యోగములకు మనుష్యులను నియమించుట 1983 చట్టము ప్రకారము నేరము. దానికి రెండు సంవత్సరముల వరకు జైలు శిక్ష కలదు. రిజిస్టరైన ఏజెంటునకు ఒక సంఖ్య ఉండును. ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ సంఖ్య నిజమైనదో కాదో, నేడు చెల్లుచున్నదో లేదో చూడవచ్చును. రిజిస్టరైన ఏజెంటు తన సేవకై అభ్యర్థినుండి తీసికొనదగిన గరిష్ఠ మొత్తము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే, దానికి రసీదు ఇయ్యవలెను. ఇది ఏజెంటు సేవకు హద్దు గాని వీసా ధర కాదు. లక్షలు అడుగువాడు ఏ చట్టము ప్రకారము అడుగుచున్నాడో చెప్పలేడు. రసీదు కూడ ఇయ్యడు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశములో ఓంక్యాప్ అను ప్రభుత్వ సంస్థలు విదేశీ నియామకములు చేయుచున్నవి. ముందుగా అక్కడ విచారించుట మేలు. ఎమిగ్రేషను అనుమతితో పోవువారికి ప్రవాసీ భారతీయ భీమా యోజన క్రింద ప్రమాద మరణమునకు, శాశ్వత అంగవైకల్యమునకు 10 లక్షల రూపాయల భీమా కలదు. రెండు సంవత్సరములకు ప్రీమియము 275 రూపాయలు, మూడు సంవత్సరములకు 375 రూపాయలు, పన్ను అదనము.

సోదరులారా, ఇక్కడ ఒక సున్నితమైన విషయము చెప్పవలసి యున్నది. మన గ్రామములలో వీసా తెచ్చువాడు పరాయివాడు కాడు. మన ఊరివాడే, మన కులమువాడే, మేనమామయో బావమరిదియో అయి యుండును. తాను పోయి బాగుపడినవాడు, మరి నలుగురికి దారి చూపుచున్నాడను గౌరవము అతనికి కలదు. అట్టివానిని కాగితము అడుగుట అవమానించుట యగునేమో యని పెద్దలు జంకుచున్నారు. కాని ఆలోచింపుడు. పొలము కొనునపుడు అన్నదమ్ముని వద్దనైనను పట్టా పాసుపుస్తకము చూడకుండ కొనము. అందువలన అన్నదమ్ముల ప్రేమ తగ్గదు. ఆ పొలము విలువకు సాటియైన అప్పు చేసి కొడుకును పంపునపుడు కాగితము చూపుమని అడుగుట తప్పగునా? అతడు నిజాయితీపరుడైనచో సంతోషముతో చూపును. తానే ఇతరుల వలన మోసపోవుచున్నచో, మన ప్రశ్న అతనిని కూడ రక్షించును.

కావున పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు మూడే. వీసాపై యజమానిగా ఎవరి పేరున్నది? పని నిజముగా ఏ హోటలులో, ఏ ఊరిలో? వీసాకు, టిక్కెట్టుకు డబ్బు ఎవరు కట్టుచున్నారు? మొదటి రెండింటికి సమాధానములు వేరువేరైనచో, ఆ రెండు కంపెనీల మధ్య అనుమతి ఉన్నదా యని విచారింపవలెను. మూడవదానికి సమాధానము అభ్యర్థి తండ్రి యని వచ్చినచో, ఆ యజమాని మొదటి నియమమునే తప్పినాడన్నమాట. మొదటి నియమము తప్పినవాడు తక్కిన ఐదు పాటించునని నమ్ముట ఎట్లు?

పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. వీనికి పెద్ద ఖర్చు లేదు. మొదట, ఊరినుండి పోవువారి పేరు, పాస్‌పోర్టు సంఖ్య, యజమాని పేరు, పనిచోటు, ఏజెంటు రిజిస్ట్రేషను సంఖ్య ఒక పుస్తకములో వ్రాయించి ఉంచుడు. ఇది నిర్బంధము కాదు, ఇష్టపడినవారివే వ్రాయవలెను. రెండవది, ఒప్పందము, వీసా, రసీదు, ఈ మూడింటి నకళ్ళను ఇంటివారి వద్ద ఉంచుకొనుడని చెప్పుడు. ఒప్పందము ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉన్నచో, ఊరి బడి ఉపాధ్యాయులను గాని, తిరిగి వచ్చిన అనుభవజ్ఞులను గాని పిలిచి చదివించి, ఇంట్లో తల్లికి, భార్యకు అర్థమగునట్లు చెప్పించుడు. అప్పు తీర్చవలసినవారు, నెలనెలా ఎదురుచూచువారు వారే. మూడవది, గ్రామసభలో సంవత్సరమునకు ఒక్కసారియైన ఈ విషయము చర్చించుడు. హోటలులో పనిచేసి వచ్చినవారిని మాటాడనిండు. వారి మాటకు మా ప్రసంగములకంటె విలువ ఎక్కువ.

పోవువానికి కూడ బాధ్యత కలదని చెప్పవలెను. జీతము కొంచెము ఎక్కువ వచ్చునని చెప్పకుండ వేరొక హోటలునకు పారిపోయినవానిపై యజమాని ఫిర్యాదు చేసినచో అతని నివాసము రద్దగును. న్యాయముగా రావలసిన బకాయి అడుగుటకు కూడ ముఖము చెల్లదు. యజమానిని మార్చుటకు చట్టబద్ధమైన మార్గములు ఇప్పుడు కలవు. ఖతారులో 2020 నుండి పాత యజమాని అంగీకార పత్రము లేకుండనే, నోటీసు ఇచ్చి, ఉద్యోగము మారవచ్చును. సౌదీలో 2021 మార్చి నుండి కొన్ని షరతులకు లోబడి అట్టి సౌకర్యము కల్పించినారు. మారదలచినవాడు ఆ దారిలోనే మారవలెను.

తగవు వచ్చినచో మొదట ఆ దేశపు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవలెను. యు.ఎ.ఇ.లో 2024 జనవరి నుండి 50,000 దిర్హముల వరకు గల వివాదములను ఆ శాఖయే తీర్మానించుచున్నది. ఉద్యోగము ముగిసిన నాటినుండి రెండు సంవత్సరములలోగా బకాయి కోరవచ్చును. ఖతారులో వివాద పరిష్కార సంఘములు 2018 నుండి పనిచేయుచున్నవి. యజమాని దివాలా తీసినను తీర్పు పొందిన కార్మికునికి చెల్లించుటకు అక్కడ ఒక సహాయనిధి ఏర్పడినది. మన రాయబార కార్యాలయములలో భారతీయ సమాజ సంక్షేమ నిధి కలదు. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రము కలదు. ఇంటివారు ఇక్కడినుండి మదద్ అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా ఫిర్యాదు పంపవచ్చును. హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయమునకు వ్రాయవచ్చును. మీ పుస్తకములో వ్రాసిన యజమాని పేరు, పాస్‌పోర్టు సంఖ్య ఆ నాడు అక్కరకు వచ్చును. ఆ రెండును తెలియని ఫిర్యాదు, చిరునామా లేని ఉత్తరము వంటిది.

ఎవరిని పోవలదని మేము చెప్పుట లేదు. శ్రమించి సంపాదింపదలచినవానికి లోకమంతయు దారియే. వంటశాలలో పాత్ర కడుగు చేతికైనను, గదిలో పక్క పరచు చేతికైనను గౌరవము కలదు. ఆ గౌరవమునకు తగిన జీతము, నివాసము, తిరుగు ప్రయాణము ఇచ్చు బాధ్యత పిలిచిన యజమానిదని చట్టము చెప్పుచున్నది. చట్టము చెప్పినదానిని అడిగి తెలిసికొనుట మన పని. రేపు మీ వార్డులో ఎవరైన హోటలు వీసా వచ్చినదని మిఠాయి పంచినచో, సంతోషముతో పుచ్చుకొనుడు. పుచ్చుకొని, ఆ కాగితము ఒకసారి చూపుమని ఆప్యాయముగా అడుగుడు.